మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు నా లిస్టులో ఉత్త "శర్మ" అయిపోయారు: లేటెక్ గ్రంథసూచికి సాయం కావాలి

శాసనాల పిచ్చి (కావలి):

అందరికీ నమస్తే. కందుకూరు, అద్దంకి చుట్టుపక్కల శాసనాల మీద తెలుగులో పీహెచ్‌డీ థీసిస్ రాస్తున్నా. వర్డ్‌తో పడలేక లేటెక్‌కి (కమాండ్లు రాస్తే పేజీలు తయారుచేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్) మారాను. అందులో యూనికోడ్ ఫాంట్లు వాడనిచ్చే రకం జీలేటెక్, దాన్లో తెలుగు చక్కగా వస్తోంది, ఒత్తులు ఎక్కడా విరగడం లేదు, అధ్యాయాలన్నీ అయిపోయాయి. ఇప్పుడు చిక్కంతా చివర్లో పెట్టే గ్రంథసూచితోనే.

పుస్తకాల వివరాలు రాసుకునే బిబ్ ఫైల్లో దాదాపు 180 పుస్తకాలు, వ్యాసాలు ఉన్నాయి, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. సూచి ఏ రూపంలో రావాలో చెప్పే స్టైల్ అపాలైక్ పెట్టి, ఆ ఫైల్లోంచి సూచి తయారుచేసే బిబ్‌టెక్‌తో నడుపుతున్నా. ఏం జరుగుతోందంటే, మల్లంపల్లి సోమశేఖర శర్మ అని నేను రాస్తే అది "శర్మ" అని ముందు పెట్టి, కామా కొట్టి, ఆ తర్వాత అక్షరాలకి బదులు రెండు డబ్బాలు పెడుతోంది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు "ప" దగ్గరికి పోయారు. నా లిస్టులో మొత్తం శర్మలందరూ ఒకచోట, రెడ్లందరూ ఒకచోట, రావులందరూ ఒకచోట, పెళ్ళిలో ఎవరి బంతి వాళ్ళు చూసుకుని కూర్చున్నట్టు కూర్చున్నారు. థీసిస్ మధ్యలో రెఫరెన్స్ చూస్తే "శర్మ 1948" అని ఉంటుంది. ఏ శర్మ? నాకే తెలియడం లేదు, ఇక చదివేవాళ్ళకి ఏం తెలుస్తుంది.

లాగ్ ఫైల్లో చెల్లని బైట్లు ఉన్నాయని వార్నింగులు వందల్లో వస్తున్నాయి. పేజీల దగ్గర, సంపాదకుల దగ్గర అన్నీ ఇంగ్లీషు మాటలే. తెలుగు వ్యాసం పేరు అవగానే "ఇన్" అని ఇంగ్లీషులో పెట్టి ఆ తర్వాత పత్రిక పేరు వేస్తుందేమోనని బిబ్‌టెక్ బదులు వాడే బిబ్‌లేటెక్ వైపు పోలేదు, ఫ్రెండ్ థీసిస్‌లో అట్టా చూశాను. మా గైడ్ అడిగేది ఏమంటే తెలుగు పుస్తకాలు వేరే, ఇంగ్లీషు పుస్తకాలు వేరే, తెలుగులో ఇంటిపేరు ముందు, మధ్యలో కామా వద్దు. మిగతాదంతా ఎంఎల్‌ఏ స్టైల్‌కి (అమెరికాలో మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వాళ్ళ రెఫరెన్స్ పద్ధతి) దగ్గరగా ఉండాలంట. (ఫోన్‌లో ఈ మాట విని మా నాన్న ఏ ఎమ్మెల్యేతో గొడవ పెట్టుకున్నావని కంగారుపడ్డాడు.)

సబ్మిషన్‌కి ఇరవై రోజులుంది. స్టైల్ ఫైలు తెరిచి చూశాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు గిత్త:

ఇరవై రోజులు పెట్టుకుని స్టైల్ ఫైలు జోలికి పోతారా అక్కా? ఆ ఫైలు రాసే భాషే తలకిందుల భాష, ముందు సరుకులన్నీ గుట్టగా పేర్చి చివర్న ఏం చెయ్యాలో చెప్పాలి. నేనొకసారి ఇంగ్లీషు జర్నల్ కోసం మేక్‌బీఎస్‌టీ వాడాను, టెర్మినల్‌లో అది ప్రశ్నలు అడుగుతుంది, పేరు ఎట్టా ఉండాలి, సంవత్సరం ఎక్కడ ఉండాలి, బ్రాకెట్లో పెట్టాలా అని. ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్తే చివర్న మన స్టైల్ ఫైలు అదే రాసిస్తుంది. ఒక పూట పని. లేదంటే 180 ఎంట్రీలు చేత్తో కొట్టేయండి, రెండు రోజుల్లో అయిపోతుంది, ఎవరూ చూడరు.

పెన్నాగట్టు (నెల్లూరు):

గిత్త తమ్ముడూ, మేక్‌బీఎస్‌టీ మంచిదే, ఇంగ్లీషుకి. తెలుగుకి అది పనికిరాదు, ఎందుకో చెప్తా. చేత్తో కొట్టే సలహా మాత్రం అసలు ఇవ్వకు, గైడ్ చివరి వారంలో ఒక్క కామా మార్చమంటే 180 చోట్ల మార్చాలి.

ముందుగా ఒక మాట. ఇక్కడ పోస్టులో బ్యాక్‌స్లాష్ పెడితే మింగేస్తోంది, అందుకని కమాండ్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నా, మీ ఫైల్లో ఇంగ్లీషులో కొట్టుకోండి.

ఆ డబ్బాల సంగతి. బిబ్‌టెక్ 1985లో ఓరెన్ పటాష్నిక్ రాసింది, అప్పటికి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఒక్కో కోడ్ ఇచ్చే పద్ధతి) లేదు. దానికి అక్షరం అంటే ఒక బైటు. ఆ కోడ్లని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో మన "స" మూడు బైట్లు, "సో" ఆరు. "ప్ర" అయితే ప, పొల్లు, ర అని మూడు కోడ్లు, మొత్తం తొమ్మిది బైట్లు. అపాలైక్ పేరులో మొదటి అక్షరం మాత్రం ఉంచి చుక్క పెట్టే రకం, కాబట్టి "సోమశేఖర"లో మొదటి బైటు ఒక్కటి కోసి పక్కన చుక్క పెట్టింది. మూడు బైట్ల అక్షరంలో ఒక బైటు మిగిలితే అదేం అక్షరం అవుతుంది? జీలేటెక్ అది చూసి చెల్లదు పొమ్మంది. మేక్‌బీఎస్‌టీతో కొత్త స్టైల్ చేసుకుని పొట్టి పేర్లు వద్దంటే డబ్బాలు పోతాయి గానీ, వరస పెట్టేది మళ్ళీ ఆ బైట్లను బట్టే, తెలుగు మాటలన్నీ మీరే ఫైల్లో వెతికి మార్చాలి. ఆ కష్టమేదో బిబ్‌లేటెక్, దానికి వెనక నుంచి వరస పెట్టి ఇచ్చే బైబర్ మీద పెట్టండి. బైబర్‌కి యూనికోడ్ తెలుసు.

ఇక శర్మ గారి సంగతి, ఇది అసలు స్టైల్ తప్పు కాదు, మీరు డేటా ఇచ్చిన తీరు. కామా లేకుండా మూడు మాటలు రాస్తే బిబ్‌టెక్ అయినా బైబర్ అయినా చివరి మాట ఇంటిపేరు అనుకుంటుంది, ఇంగ్లీషు వాళ్ళ అలవాటు అది. మన ఇంటిపేరు ముందు ఉంటుందని దానికి ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి. "మల్లంపల్లి, సోమశేఖర శర్మ" అని ఇంటిపేరు తర్వాత కామా పెట్టి రాయండి. 90 తెలుగు ఎంట్రీలు కూర్చుని దిద్దాల్సిందే, దానికి అడ్డదారి లేదు, ఎందుకంటే ఏది ఇంటిపేరో ఏ ప్రోగ్రామూ కనిపెట్టలేదు. తిక్కన సోమయాజి లాంటి పాత కవులకి ఇంటిపేరు పట్టి విడగొట్టడం కుదరదు కాబట్టి మొత్తం పేరుకి రెండు జతల మీసాల బ్రాకెట్లు వేసేయండి, అప్పుడు ముక్కలు చెయ్యకుండా ఒకే పేరుగా తీసుకుంటుంది. ప్రచురించింది ఒక అకాడమీయో విశ్వవిద్యాలయమో అయి, దాన్నే రచయిత స్థానంలో పెట్టాల్సి వచ్చినా ఇదే మందు.

పుస్తకాల వివరాలు దాచుకునే జోటెరో నుంచి తెచ్చుకుంటున్నట్టయితే అక్కడే రెండు గడుల్లో ఇంటిపేరు, పేరు విడివిడిగా పెట్టండి. ఒకే గడిలో పెడితే అది రెండు బ్రాకెట్లు వేసి పంపిస్తుంది.

ఇది అయ్యాక స్టైల్. బిబ్‌లేటెక్‌ని ఆథర్‌ఇయర్ స్టైల్‌తో (రచయిత పేరు, సంవత్సరం వేసేది), బ్యాకెండ్ బైబర్‌తో పిలవండి. నిజంగా ఎంఎల్‌ఏ కావాలంటే బిబ్‌లేటెక్-ఎంఎల్‌ఏ అని విడిగా ఉంది గానీ, మీ గైడ్ అడిగేది "దగ్గరగా" కాబట్టి మామూలు ఆథర్‌ఇయర్‌ని వంచుకోవడమే తేలిక. రెడీమేడ్ స్టైల్‌తో మొదలుపెడితే అది ఎక్కడెక్కడ ఏం చేస్తోందో తెలుసుకోవడానికే వారం పోతుంది.

ఆథర్‌ఇయర్ మొదటి రచయితకి ఇంటిపేరు ముందు పెడుతుంది, రెండో రచయిత నుంచి మళ్ళీ తిప్పేస్తుంది. ఇంగ్లీషులో అది మర్యాదే, తెలుగులో "ప్రభాకరశాస్త్రి వేటూరి" అని వస్తుంది, చదువుతుంటే పళ్ళెంలో అన్నం బోర్లించినట్టుంటుంది. దానికి డిక్లేర్‌నేమ్‌ఆలియాస్ అనే కమాండ్, మొదటి బ్రాకెట్లో సార్ట్‌నేమ్, రెండో బ్రాకెట్లో ఫ్యామిలీ-గివెన్. ఇక అందరికీ ఇంటిపేరే ముందు. సంపాదకులు, అనువాదకుల పేర్లకి సార్ట్‌నేమ్ బదులు డిఫాల్ట్ అని ఇదే లైను ఇంకోసారి రాయండి.

కామా వద్దన్నారు కదా. తిప్పిన పేరు మధ్యలో వచ్చే కామాకి ఒక పేరుంది, రివ్స్‌డ్‌నేమ్‌పంక్ట్, ఆర్ ఈ వీ ఎస్ డీ అని మొదలు. దాన్ని రెన్యూకమాండ్‌తో ఖాళీ చేసేస్తే కామా పోయి ఖాళీ జాగా మాత్రం మిగులుతుంది. కానీ ఇంగ్లీషు వాళ్ళకి కామా ఉండాలి, లేకపోతే నెల్లూరు జిల్లా మాన్యువల్ రాసిన బాస్వెల్ గారి పేరు అర్థం కాదు. అందుకని తెలుగు పుస్తకాల ఎంట్రీల్లో కీవర్డ్స్ అనే గడిలో తెలుగు అని రాసుకోండి (ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లో). చివర్లో ప్రింట్‌బిబ్లియోగ్రఫీ రెండుసార్లు పిలవాలి, ఒకదానికి కీవర్డ్ తెలుగు, రెండోదానికి నాట్‌కీవర్డ్ తెలుగు, ఒక్కోదానికి టైటిల్ మీ ఇష్టం. తెలుగుదాన్ని, ఆ కామా ఖాళీ చేసే లైన్ని కలిపి ఒక జత మీసాల బ్రాకెట్లలో పెడితే మార్పు అక్కడి వరకే ఉంటుంది, బయటికి వచ్చాక ఇంగ్లీషు లిస్టుకి కామా మామూలే.

తెలుగు మాటల సంగతి. నా దగ్గరున్న టెక్ లైవ్‌లో (లేటెక్ సరంజామా అంతా కలిపి ఇచ్చే మూట) బిబ్‌లేటెక్‌కి మరాఠీ భాషా ఫైలు ఉంది, తెలుగుది లేదు. కాబట్టి మనమే చేసుకోవాలి, భయపడకండి, ఇరవై లైన్లు. థీసిస్ ఫోల్డర్లోనే తెలుగు డాట్ ఎల్‌బీఎక్స్ అని ఫైలు పెట్టండి, పేరు ఇంగ్లీషులో. మొదట ఇన్‌హెరిట్‌బిబ్లియోగ్రఫీఎక్స్‌ట్రాస్ ఇంగ్లీష్ అని, తర్వాత డిక్లేర్‌బిబ్లియోగ్రఫీస్ట్రింగ్స్‌లో ఇన్‌హెరిట్ ఇంగ్లీష్ అని మొదలుపెట్టి, మీరు మార్చాలనుకున్న మాటలు మాత్రం రాయండి: ఆండ్‌అదర్స్‌కి "తదితరులు", ఐబిడెమ్‌కి "పైదే", పేజ్‌కి "పు.", పేజెస్‌కి "పుట." ఇట్లా. ప్రతి మాటకీ పొడుగు రూపం, పొట్టి రూపం రెండూ ఇవ్వాలి, రెండూ ఒకటే అయినా సరే రెండుసార్లు రాయాల్సిందే, నేను మొదటిసారి ఒక్కటే రాసి రాత్రంతా ఎర్రర్ వెతుక్కున్నా. భాషల సంగతి చూసే పాలీగ్లోసియా ప్యాకేజీలో మెయిన్ భాష తెలుగు అని ఉంటే ఈ ఫైలు దానంతట అదే లోపలికి వస్తుంది. ఇంగ్లీషు పుస్తకాల ఎంట్రీల్లో ల్యాంగ్‌ఐడీ ఇంగ్లీష్ అని పెట్టి, ఇంగ్లీషుని రెండో భాషగా చేర్చి, బిబ్‌లేటెక్ ఆప్షన్లలో ఆటోల్యాంగ్ అదర్ అంటే వాటికి ఇంగ్లీషు మాటలే వస్తాయి.

"ఇన్" మాత్రం అనువాదం చెయ్యకండి. తెలుగులో "లో" పుస్తకం పేరు తర్వాత వస్తుంది, వాళ్ళది ముందు వస్తుంది. ఆ మాట (స్ట్రింగ్ అంటారు) మారిస్తే "లో: భారతి" అని వస్తుంది, నవ్వులపాలు. అది స్టైల్లో ఇన్ కోలన్ అనే మాక్రో, దాన్ని రెన్యూబిబ్‌మాక్రోతో ఖాళీ చేసేయండి. "ఎడిటెడ్ బై" కూడా ఇదే గొడవ, "సంపాదకత్వంలో" అనేది పేరు తర్వాత రావాలి. అక్కడ "సంపాదకులు:" అని పెట్టి సర్దుకోవడమే నేను చేసింది, అంతకంటే లోతుకి పోతే థీసిస్ వదిలేసి ఇదే పనిలో ఉంటారు.

నడిపే వరస: జీలేటెక్, బైబర్, మళ్ళీ జీలేటెక్ రెండుసార్లు. మధ్యలో బిబ్‌టెక్ నొక్కితే రెఫరెన్సుల చోట ఎంట్రీ పేర్లు లావు అక్షరాల్లో అట్లాగే ఉండిపోతాయి. అప్పుడు ఏదో పోయిందని కంగారు పడొద్దు, బైబర్ నడపలేదని అర్థం.

ఒంగోలు గిత్త:

సరే అన్నా, ఒప్పుకున్నా. చేత్తో కొట్టమన్నది వెనక్కి తీసుకుంటున్నా. అపాలైక్‌లో నాకూ ఒకసారి వ్యాసం పేరులో నెల్లూరుకి పెద్ద ఎన్ పోయి చిన్న ఎన్ వచ్చింది, జిల్లా పేరుని చిన్నబుచ్చిందని అప్పట్లో ఆ మాట చుట్టూ బ్రాకెట్లు వేసి కాపాడుకున్నా.

పెన్నాగట్టు (నెల్లూరు):

బిబ్‌లేటెక్ ఆథర్‌ఇయర్‌లో ఆ బెడద లేదు, మనం రాసిన పెద్దక్షరాలు అట్లాగే ఉంచుతుంది.

ట్రంకురోడ్డు డీటీపీ:

నాకు లేటెక్ రాదు, పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో ఇరవై ఏళ్ళుగా పుస్తకాలు కొడుతున్నా. అయినా రెండు మాటలు చెప్పి పోతా, థీసిస్‌లు చాలా చూశాను కాబట్టి.

అందరూ చేసే తప్పు "సం." అనే పొట్టి మాట. సం. అంటే సంపాదకుడా, సంపుటమా, సంచికా, సంవత్సరమా? ఒకే లైన్లో నాలుగు సం.లు ఉన్న గ్రంథసూచి నేను కొట్టాను, కొట్టించుకున్నాయన్నే అడిగితే ఆయనకీ తేడా తెలియలేదు. మీరు ఎట్లాగూ మీ ఫైల్లో ఒక్కచోట రాస్తున్నారు కాబట్టి సంపా., సంపు., సంచి. అని వేరువేరుగా పెట్టుకోండి. సంవత్సరానికి అసలు ఏ మాటా వద్దు, అంకె చూస్తేనే తెలుస్తుంది. పాత పుస్తకాల్లో సంవత్సరం వెయ్యకపోతే మాత్రం "సంవత్సరం లేదు" అని పూర్తిగా రాయండి.

రెండోది, ఇంగ్లీషు పుస్తకాల పేర్లు వాలు అక్షరాల్లో వేస్తారు. తెలుగు ఫాంట్లలో నిజమైన వాలు రూపం ఉండేవి అరుదు, కంప్యూటరు నిలువు అక్షరాన్నే పక్కకి తోస్తుంది, తలకట్లు వంగి ఒత్తులు పక్కక్షరం మీద పడి, తుపానుకి వాలిన తాటిచెట్లలాగా ఉంటాయి. తెలుగు పేర్లకి కొటేషన్లో, కాస్త లావు అక్షరమో వాడండి.

ఇంకొకటి, ఎవరి దగ్గరన్నా పాత అనూ ఫైలు తెచ్చుకుని పేస్టు చేస్తే అక్షరాలు మారిపోతాయి, అది యూనికోడ్ కాదు. ముందు మార్చుకుని, తర్వాత ఒత్తులు ఒక్కొక్కటి చూసుకోవాలి.

పెన్నాగట్టు (నెల్లూరు):

డీటీపీ అన్న చెప్పింది బంగారం. లేటెక్‌లో అది డిక్లేర్‌ఫీల్డ్‌ఫార్మాట్‌తో వస్తుంది, టైటిల్ అనే ఫీల్డుకి కొత్త రూపం ఇవ్వొచ్చు, దాని లోపలే కీవర్డ్ తెలుగా కాదా అని ఇఫ్‌కీవర్డ్‌తో అడిగి తెలుగైతే కొటేషన్లు, కాకపోతే వాలు అక్షరాలు పెట్టమనొచ్చు. సంవత్సరం లేనిదానికి స్ట్రింగ్ పేరు నోడేట్.

శాసనాల పిచ్చి (కావలి):

అందరికీ ఎన్ని దండాలు పెట్టినా చాలవు. మూడు రాత్రులు కూర్చుని ఎంట్రీలన్నీ దిద్దాను, ఇప్పుడు మల్లంపల్లి వారు "మ"లో, వేటూరి వారు "వ"లో ఉన్నారు, డబ్బాలు పోయాయి. దిద్దుతుంటే ఇంకో సంగతి బయటపడింది, ఒకే ఆయన పేరు నేను మూడు రకాలుగా రాసి ఉన్నాను, ఒకచోట శర్మ విడిగా, ఒకచోట కలిపి, ఒకచోట పొట్టి పేరు. లిస్టులో ముగ్గురు మనుషులుగా వచ్చేవాళ్ళు.

కానీ కొత్త తలనొప్పి. తిక్కన భారతం నుంచి విరాటపర్వం రెండో ఆశ్వాసం 105వ పద్యం అని చెప్పడానికి రెఫరెన్స్ ఇచ్చే సైట్ కమాండ్ చదరపు బ్రాకెట్లో 2-105 అని రాస్తే, అది ముందు "పుట." తగిలించి 2 నుంచి 105 దాకా పేజీలు అన్నట్టు చూపిస్తోంది. ఒక పద్యం కోసం నూటనాలుగు పేజీలు వెతుక్కోమన్నట్టుంది.

ఇంకోటి, 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు వేసిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు భాగాలు నా థీసిస్‌లో ప్రతి పేజీలో వస్తాయి. అందులో శాసనాలకి తాలూకా వారీగా నంబర్లు, పేజీలతో ఎవరూ చెప్పరు, "కందుకూరు 12", "ఒంగోలు 3" అంటారు. (ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, అందుకే ఒంగోలు శాసనాలు కూడా నెల్లూరు పుస్తకంలోనే ఉన్నాయి, అద్దంకి 2022లో బాపట్లకి పోయింది, ఇదంతా వివరించే ఫుట్‌నోటే నాకు అరపేజీ అయింది.) ప్రతిసారీ ఇద్దరి పేర్లూ సంవత్సరం వెయ్యకుండా "నె.శా." అని పొట్టిగా రావాలంటే ఎట్టా?

పెన్నాగట్టు (నెల్లూరు):

రెండూ ఎంట్రీలోనే తేలిపోతాయి, స్టైల్ ముట్టుకోవద్దు.

బిబ్‌లేటెక్ ఆ చదరపు బ్రాకెట్లో అంకెలు మాత్రమే ఉంటే అవి పేజీలే అనుకుని పు. తగిలిస్తుంది. మధ్యలో గీత ఉంటే ఇక్కణ్ణించి అక్కడికి అనుకుంటుంది. అక్షరాలు కలిస్తే ఊరుకుంటుంది, అందుకే మీ "కందుకూరు 12"కి ఏ ఇబ్బందీ రాదు. తిక్కన ఎంట్రీలో పేజినేషన్ అనే గడి చేర్చి నన్ అని రాయండి, ఎన్ ఓ ఎన్ ఈ, ఇక ఆ పుస్తకానికి ఏ మాటా ముందు తగలదు. ఒట్టి పద్యం నంబరే ఇచ్చే శతకాలకి నన్ బదులు వర్స్ అని పెట్టి, మీ తెలుగు ఫైల్లో వర్స్‌కి, వర్సెస్‌కి "ప." అని ఇచ్చుకుంటే "ప. 42" అని వస్తుంది. ఎఱ్ఱన హరివంశానికీ తిక్కన లెక్కే, ఆశ్వాసం, పద్యం రెండూ ఉంటాయి కాబట్టి నన్.

నె.శా. కోసం ఆ ఎంట్రీలో షార్ట్‌హ్యాండ్ అనే గడిలో నె.శా. అని రాయండి. ఆథర్‌ఇయర్‌లో పేరు, సంవత్సరం పోయి అదే వస్తుంది. దక్షిణ భారత శాసనాలు పదో సంపుటం కూడా వాడుతుంటారు కదా, దానికీ అట్లాగే ద.భా.శా. అని. థీసిస్ ముందర సంకేతాక్షరాల పట్టిక ఎట్లాగూ పెట్టాలి, ప్రింట్‌బిబ్‌లిస్ట్ షార్ట్‌హ్యాండ్ అని ఒక్క లైను రాస్తే మీరు వాడిన సంకేతాలన్నీ ఏరి అదే వేస్తుంది.

శాసనాల పిచ్చి (కావలి):

వచ్చేసింది!! పట్టిక కూడా వచ్చింది, అది నేను విడిగా టైపు చేసి పెట్టుకున్నా, తీసేశా.

నిన్న గైడ్ దగ్గరికి ల్యాప్‌టాప్ తీసుకుపోయి చూపించా. అంతా చూసి, బాగుంది గానీ ఇంగ్లీషు పుస్తకాలు ముందు, తెలుగు పుస్తకాలు తర్వాత పెడితే బాగుంటుందేమో అన్నారు. ఆయన టీ తాగేలోపు రెండు లైన్లు అటూ ఇటూ చేసి చూపించా. కాసేపు చూసి, వద్దులే, ముందుదే బాగుంది అన్నారు. మళ్ళీ మార్చేశా.

తెలుగు ఎల్‌బీఎక్స్ ఫైలు కింద జతచేస్తున్నా, ఎవరికైనా పనికొస్తే తీసుకోండి. "సంపా.", "సంపు.", "సంచి." మూడూ పెట్టాను. అనువాదకుడికి "అను." అని పెట్టా, అది అనుబంధం అనుకుంటారేమోనని కొంచెం అనుమానంగానే ఉంది, డీటీపీ అన్న ఏమంటారో చెప్పాలి.

ట్రంకురోడ్డు డీటీపీ:

"అనువా." అని పెట్టమ్మా.